సుత్తి పట్టకుండా కాటర్ పిన్ను: ఒక ప్రెస్సు, రెండు రకాల పిన్నులు, ఒక పాత రాలీ

పాత ఉక్కు క్రాంకులు (పెడళ్లను మోసే కడ్డీలు) ఉన్న సైకిలును బాగుచేసుకునేవారిని, క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను భయపెట్టినంతగా మరే భాగమూ భయపెట్టదు. నట్టు విప్పినా పిన్ను కదలదు. సుత్తితో కొడితే మర ఉన్న కొస వంగిపోతుంది. వంగాక ఇక డ్రిల్లుతో తొలిచి తీయడమే. ఈ భయం చాలావరకు పోగొట్టే పనిముట్టు ఒకటుంది, కాటర్ పిన్ను ప్రెస్సు. నేను వాడుతున్నది ఒక చిన్న కార్ఖానాలో కొద్ది సంఖ్యలో తయారయ్యేది. ప్రెస్సు మంచిది, కొనదగినది. అయితే ప్రెస్సు ఎంత మంచిదైనా, దానితో దించే పిన్ను నాసిరకమైతే పని నిలబడదు. అందుకే ప్రెస్సు గురించి ఎంత చెప్పాలో పిన్నుల గురించీ అంతే చెప్పాల్సి ఉంది.

ప్రెస్సు చూడటానికి సాదాగా ఉంటుంది. మందమైన ఉక్కు దిమ్మను లాడం ఆకారంలో కోశారు. ఒక కొసన మర తొలిచి, సన్నని మరలున్న గట్టి బోల్టును అందులో అమర్చారు. ఎదుటి కొసన పిన్ను తల దూరడానికి బోలు వదిలారు. బోల్టును పానాతో తిప్పితే అది పిన్ను మర కొసను నెడుతుంది, పిన్ను తల ఎదుటి బోలులోకి జరుగుతుంది. క్రాంకు ఆ రెండింటి నడుమ ఇరుక్కుని కదలకుండా ఉంటుంది. నెట్టే బలం, దాన్ని ఆపే బలం రెండూ క్రాంకు దగ్గరే మొదలై అక్కడే ముగుస్తాయి. ఇరుసును తిప్పే బేరింగు గోళీల దాకా ఏమీ చేరదు. నేను ఈ పనిముట్టును మెచ్చుకోవడానికి అసలు కారణం ఇదే.

సుత్తి సంగతి వేరు. దెబ్బ పిన్ను నుంచి క్రాంకుకు, క్రాంకు నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి గోళీలకు, అక్కడి నుంచి గోళీలు దొర్లే ఉక్కు కప్పులకు వెళుతుంది. పాత సైకిళ్ల బాటమ్ బ్రాకెట్‌లో, అంటే క్రాంకుల ఇరుసు తిరిగే చోట, ఒక్కో పక్క పావు అంగుళం గోళీలు సాధారణంగా 11 ఉంటాయి. కానీ దెబ్బ పడిన క్షణంలో ఆ భారం కింది వైపున్న రెండు మూడు గోళీల మీదే పడుతుంది. గోళీ కప్పును తాకే చోటు చాలా చిన్నది కాబట్టి అక్కడ గుంట పడుతుంది. క్రాంకు బయటికి వచ్చిందని సంతోషించే లోపే బేరింగు గరగరలాడటం మొదలవుతుంది. క్రాంకు కింద ఇనుప గొట్టమో, కొయ్య దిమ్మో నేలదాకా ఆనించి కొట్టమని అనుభవం ఉన్నవారు చెబుతారు. సరైన సలహాయే. పిన్ను తల చుట్టూ ఉన్న లోహానికి గొట్టం ఆనితే దెబ్బ బలం నేలకు పోతుంది. అయితే సైకిలును నిలబెట్టడం, గొట్టం జారకుండా పట్టుకోవడం, సుత్తిని గురి తప్పకుండా వేయడం, ఈ మూడూ ఒక్కరే చేయగలిగిన పనులు కావు. ఒక దెబ్బ పక్కకు తగిలితే క్రోమియం పూత లేచిపోతుంది, అది మళ్లీ రాదు.

ఈ అమరిక పనిచేసే తీరు తెలిస్తే ప్రెస్సు విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. ఇరుసు గుండ్రని ఉక్కు కడ్డీ. రెండు కొసల దగ్గరా దాని మీద ఒక్కో అడ్డ గాడి, గాడి అడుగు చదునుగా ఉంటుంది. క్రాంకు రంధ్రం ఇరుసు మీదకు ఎక్కుతుంది. దానికి అడ్డంగా క్రాంకులోనే మరో రంధ్రం ఉంటుంది, పిన్ను అందులోంచి దిగుతుంది. పిన్నుకు ఒక పక్క వాలుగా చెక్కిన చదును ఉంటుంది. ఆ వాలు ఇరుసు చదును మీద ఆని, లోపలికి దిగేకొద్దీ బిగుస్తుంది. ఎడమ కాలితో తొక్కే బలమంతా ఆ చదునుల మధ్య నుంచే చైను దాకా పోతుంది. పిన్ను కొసన ఉన్న నట్టు చేసేది చిన్న పని, దిగిన పిన్నును వెనక్కి జారకుండా పట్టి ఉంచడం. పిన్నును లోపలికి లాగడం దాని పని కాదు. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల ఎన్ని మంచి క్రాంకులు పాడయ్యాయో! నట్టును బలంగా బిగిస్తే పిన్ను దిగినట్టే అనిపిస్తుంది. నిజానికి పిన్ను మర సాగుతుంది, లేదా తెగుతుంది. పిన్ను మాత్రం సగంలోనే ఉండిపోతుంది. ఆ సైకిలును తొక్కుతుంటే ప్రతి చుట్టులో పిన్ను కాస్త కదిలి ఇరుసు గాడిని నలుపుతుంది. కాటర్ క్రాంకులు ఎప్పుడూ వదులవుతాయనే చెడ్డపేరు వచ్చింది ఇలాంటి బిగింపుల వల్లే. సరిగా దిగిన పిన్ను ఏళ్ల తరబడి కదలదు.

నా సైకిలు బ్రిటిష్ కంపెనీ రాలీ చేసిన స్పోర్ట్స్ నమూనా. వెనక హబ్బు (చక్రం నడిమి భాగం) స్టర్మీ-ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ, మూడు గేర్లది. ఆ నమూనా 1936లో వచ్చింది. హబ్బు తొడుగు మీద తయారైన సంవత్సరాన్ని ముద్రించే అలవాటు ఆ కంపెనీకి ఉండేది, నా దాని మీద 66 అని ఉంది. క్రాంకులు ఆరున్నర అంగుళాలవి, అంటే 165 మిల్లీమీటర్లు. కుడి క్రాంకుకు చైన్ వీల్ విడదీయడానికి వీల్లేకుండా పట్టేసి ఉంటుంది. ఆ చైన్ వీల్‌లో కొంగల బొమ్మలు కోసి ఉంటాయి, రాలీ చిహ్నంలో ఉన్న కొంగే. క్రాంకు పోతే ఆ కొంగలూ పోతాయి. పాత క్రాంకులను పారేసి కొత్తవి వేసుకోమని చెప్పేవారి మాట నేను వినకపోవడానికి కారణాల్లో ఇదీ ఒకటి.

లోపం ఎడమ పక్క నుంచి వినిపించింది. బరువుగా తొక్కినప్పుడు చుట్టుకొకసారి టిక్కుమనే చప్పుడు. ఇలాంటి చప్పుడుకు కారణం పెడల్ కావచ్చు, బేరింగు కావచ్చు, సీటు కింద గొట్టం కూడా కావచ్చు. కాటర్ పిన్ను వదులైందో లేదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. రెండు క్రాంకులనూ నేలకు సమాంతరంగా ఉంచి, బ్రేకు పట్టి, రెండు పెడళ్ల మీదా నిలబడాలి. తర్వాత క్రాంకులను సగం చుట్టు తిప్పి, ముందున్నది వెనక్కి వచ్చాక మళ్లీ నిలబడాలి. పిన్ను వదులైతే రెండోసారి నిలబడగానే క్రాంకు ఇరుసు మీద కొద్దిగా జరిగి టక్కుమంటుంది. పాదానికి కూడా తెలుస్తుంది. నాకు ఎడమ పక్క అలాగే తెలిసింది. ఒక పిన్ను మార్చేటప్పుడు రెండోదీ మార్చాలి, ఎందుకో కింద చెబుతాను.

ఇక విప్పడం. ముందురోజే పిన్ను రెండు కొసలకూ, ఇరుసు చుట్టూ, తుప్పులోకి ఇంకే పల్చని నూనె వేసి వదిలాను. నట్టును పూర్తిగా తీసేయకుండా, దాని పైభాగం పిన్ను కొసతో సమానమయ్యేంత వరకే విప్పాను. అప్పుడు బోల్టు కొస పిన్నునూ నట్టునూ కలిపి నెడుతుంది, మరకు ఆసరా దొరుకుతుంది. ప్రెస్సును తొడిగి, బోలు మధ్యకు పిన్ను తల వచ్చేలా చూసుకుని, చేత్తో బిగించి, ఆ తర్వాత పొడవైన పానా పట్టాను. బోల్టు మరలు సన్నవి కాబట్టి చేతికి పెద్ద శ్రమ లేదు. బిగువు క్రమంగా పెరగడం పానా చెబుతూనే ఉంటుంది. ఒక దశలో ఇక తిరగదేమో అనిపిస్తుంది. అంతలో గట్టిగా ఠప్పుమని శబ్దం వస్తుంది. విరిగిందని కంగారుపడనవసరం లేదు, పిన్ను పట్టు వదిలినప్పుడు అంత శబ్దమూ వస్తుంది. తర్వాత పిన్ను వేళ్లతోనే బయటికి వచ్చేసింది. ఎడమ పక్క పిన్ను వాలు మీద అడ్డంగా మెట్టు అరిగిపోయి కనిపించింది. టిక్కుమన్న చప్పుడు అక్కడిదే.

కుడి పక్క మొండికేసింది. ఆ పక్క పిన్నును ఎవరూ ఎన్నడూ కదిపినట్టు లేదు. ప్రెస్సును పూర్తి బిగువులో ఉంచి, మళ్లీ నూనె వేసి, అలాగే వదిలేశాను. ఈ ప్రెస్సులో నాకు నచ్చిన మరో గుణం ఇది, తొందరపెట్టదు. సుత్తి బలం క్షణంలో పుట్టి క్షణంలో పోతుంది. ప్రెస్సు బిగువు గంటల తరబడి అలాగే నిలిచి ఉంటుంది, ఆ లోగా నూనె సందుల్లోకి ఇంకుతుంది. ఉదయం పానాను కాస్త కదపగానే పిన్ను వదిలింది. మంట పెట్టి వేడి చేసే పద్ధతి కూడా ఉంది. క్రోమియం రంగు మారుతుంది, లోపలి గ్రీజు కరిగి కారిపోతుంది కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

ఈ ప్రెస్సులో లోపాలు లేకపోలేదు. కొనేముందు ఇవి తెలిసి ఉంటే మంచిది.

అన్నిటికంటే పెద్దది కుడి పక్క ఇరుకు. రాలీలో పిన్నుకూ చైన్ వీల్‌కూ మధ్య చోటు తక్కువ. ప్రెస్సు భుజాలు మందంగా ఉండటంతో ఒక పక్కన చైన్ వీల్‌కు ఒరుసుకుంటాయి. చైను తీసి పక్కన పెట్టి, ప్రెస్సును కొద్దిగా ఏటవాలుగా తొడిగితే గానీ కూర్చోలేదు. ఏటవాలుగా నెడితే పిన్ను వంగే ప్రమాదం ఉంది కాబట్టి, బిగువు ఎక్కేముందు బోల్టు పిన్నుకు సూటిగా ఉందో లేదో రెండు దిక్కుల నుంచీ చూసుకోవాలి. తయారీదారు లోపలి భుజాన్ని కాస్త పల్చగా చెక్కి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు. చైను మొత్తాన్ని కప్పే గార్డు ఉన్న సైకిళ్లలో ఆ గార్డు తీయకుండా ఈ ప్రెస్సు అసలు పట్టదు.

రెండోది బోల్టు కొస. అది బోల్టుతో పాటే తిరుగుతుంది. బిగువు మీద తిరిగేటప్పుడు పిన్ను కొసను ఒరుస్తూ మరను కొరుకుతుంది. పాత పిన్నును పారేసేటట్టయితే ఫర్వాలేదు గానీ, దాన్నే మళ్లీ వాడాలనుకునేవారికి ఇది నష్టం. నేను బోల్టు కొసకూ పిన్నుకూ మధ్య గట్టి ఉక్కు బిళ్ల ఒకటి పెట్టి, దానికి గ్రీజు రాసి వాడుతున్నాను. ఒరుపు పోయింది. అలాంటి బిళ్లను ప్రెస్సుతోనే ఇచ్చి ఉండాల్సింది. బోల్టు మరలకు కూడా ప్రతిసారీ గ్రీజు రాయాలి. పొడి మరల మీద ఇంత బిగువు పెడితే కొన్నాళ్లకు అవే అరిగిపోతాయి.

ఇక దిమ్మ అంచులు పదునుగా ఉన్నాయి, క్రోమియం మీద గీతలు పడతాయి. మధ్యలో పల్చని తోలు ముక్క పెడితే సరిపోతుంది. వాడకం చెప్పే కాగితం ఒక్కటీ రాలేదు. తెలిసినవారికి దాని అవసరం లేదు గానీ, మొదటిసారి చేసేవారు నట్టును ఎంతవరకు విప్పాలన్న దగ్గరే తడబడతారు.

ఇదే పనికి కొందరు బరువైన బెంచ్ వైసు వాడతారు. ఒక దవడ దగ్గర పిన్ను తలకు చోటిచ్చే సాకెట్టు పెట్టి బిగిస్తారు. క్రాంకు సైకిలుకే ఉంటుంది కాబట్టి సైకిలు మొత్తాన్ని వైసు ఎత్తుకు లేపి పట్టుకోవాలి. ఇద్దరుంటే వీలవుతుంది. వడ్రంగి పనిలో వాడే జీ క్లాంపు మాత్రం వద్దు. మొండి పిన్ను దగ్గర దాని చట్రమే తెరుచుకుంటుంది, పిన్ను కదలదు.

పిన్నుల విషయానికి వస్తే, నిజమైన తలనొప్పి ఇక్కడే ఉంది. కాటర్ పిన్నులన్నీ ఒకటి కావు. బ్రిటిష్ సైకిళ్లలో ఎక్కువగా కనిపించేది 9.5 మిల్లీమీటర్ల లావు. 9, 8.5, 8 మిల్లీమీటర్లవి కూడా ఉన్నాయి, యూరప్‌లోని ఇతర దేశాల పాత సైకిళ్లలో అవి తారసపడతాయి. పాత పిన్నును వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. చెక్కిన చోట కాకుండా తల దగ్గర గుండ్రంగా మిగిలిన చోట కొలవాలి. అర మిల్లీమీటరు తేడాయే కదా అని 9.5 రంధ్రంలో 9 పిన్ను వేస్తే అది దిగుతుంది, బిగుస్తుంది కూడా. కానీ రంధ్రంలో దాని వెనక వైపు సరిగా ఆనదు. తొక్కే కొద్దీ క్రాంకు రంధ్రం సాగి కోలగా మారుతుంది. ఆ తర్వాత ఏ పిన్నూ నిలవదు.

లావు సరిపోయినంత మాత్రాన సరిపోదు, వాలు కూడా కుదరాలి. వాలు కోణం తయారీదారును బట్టి మారుతుంది. నేను రెండు చోట్ల నుంచి తెప్పించాను. మొదటివి చవకవి, సంచిలో గుత్తగా వచ్చాయి. లావు సరిగానే ఉంది. కానీ వాలు మరీ నిటారుగా, మరీ పొట్టిగా చెక్కారు. దాని మీద మార్కర్ సిరా పూసి, క్రాంకులో పెట్టి, చేత్తో నొక్కి తీసి చూశాను. సిరా చెరిగింది ఒక కొసన సన్నని గీత మేర మాత్రమే. అంటే తొక్కేవారి బలమంతా ఆ గీత మీదే పడుతుంది. పైగా ఉక్కు మెత్తనిది. ఆకురాయి పెడితే మైనంలా కోసుకుపోయింది. పరీక్ష కోసం ఒకదాన్ని ప్రెస్సుతో దించి మళ్లీ తీస్తే, వాలు మీద ఇరుసు గాడి అంచు ముద్ర లోతుగా పడి ఉంది. మరొకదాని మర, నట్టును మామూలుగా బిగిస్తుండగానే తెగింది. అలాంటి పిన్నులు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. అవి పాడైతే మరో జత కొనుక్కోవచ్చు, అవి పాడుచేసిన ఇరుసును మాత్రం కొనడం తేలిక కాదు.

రెండో చోటివి పాత క్రాంకుల కోసమే ప్రత్యేకంగా చేసేవారి దగ్గరివి. ఉక్కు గట్టిది, ఆకురాయి కింద ఇసుక మీద నడిచినట్టు చప్పుడు చేస్తుంది. వాలు పొడవుగా, నునుపుగా ఉంది. సిరా పరీక్షలో మూడొంతులకు పైగా చెరిగింది. వాషర్లు, నట్లు కూడా మర్యాదైనవి. చవక వాటికంటే ధర చాలా ఎక్కువే. అయినా ఒక జత ఏళ్లకు వస్తుంది కాబట్టి ఆ తేడాను లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

ఇవి కూడా సంచిలోంచి తీసి నేరుగా వేసేవి కావు, కాస్త అమర్చుకోవాలి. పిన్నును వైసులో, దవడలకు మెత్తని రాగి రేకు తొడిగి, వాలు పైకి ఉండేలా పట్టాలి. చదునైన ఆకురాయిని రెండు చేతులతో పట్టుకుని ముందుకే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. ఇటూ అటూ ఊగిస్తే చదును కాస్తా గుండ్రమవుతుంది. కొద్దిగా తీసి, సిరా పూసి, క్రాంకులో పెట్టి చూసి, మళ్లీ తీయాలి. చెరిగిన చోటే ఎత్తు, అక్కడే తీయాలి. ఎంత చెక్కాలన్నదానికి కొలత ఇదీ: పిన్ను పూర్తిగా దిగాక మర కొస అవతల నట్టుకు, వాషరుకు సరిపడా బయటికి రావాలి. అంతకంటే ఎక్కువ చెక్కితే పిన్ను మరీ లోతుకు జారి, మర లేని భాగం కూడా బయటికి వచ్చి నట్టు బిగియదు. తక్కువ చెక్కితే నట్టు అసలు ఎక్కదు.

రెండు పిన్నులనూ ఒకేసారి మార్చాలని చెప్పింది ఇందుకే. ఇరుసు మీద క్రాంకు ఏ కోణంలో నిలవాలో తేల్చేది పిన్ను వాలే. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ చెక్కితే క్రాంకులు ఒకే గీతలో ఉండవు, ఒకటి కాస్త ముందుకు వంగినట్టు కనిపిస్తుంది. మోకాళ్లకు అది వెంటనే తెలుస్తుంది. అమర్చే దిక్కు కూడా అంతే ముఖ్యం. కుడి క్రాంకు పైకి నిలిచి ఉన్నప్పుడు దాని పిన్ను తల ముందువైపు ఉందనుకుందాం. ఎడమ క్రాంకును పైకి తిప్పినప్పుడు దాని పిన్ను తల కూడా ముందువైపే ఉండాలి. రెండు క్రాంకులూ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు చూస్తే ఒక పిన్ను తల పైకి, రెండోది కిందికి ఉంటాయన్నమాట. రెండింటినీ ఒకే వైపు నుంచి దూర్చితే క్రాంకులు వంకరగా నిలుస్తాయి. అప్పుడు పిన్ను మీద అనుమానంతో ఎంత చెక్కినా ప్రయోజనం ఉండదు.

దించేటప్పుడు ఇరుసు, క్రాంకు రంధ్రం, పిన్ను అన్నీ గుడ్డతో శుభ్రంగా తుడిచాను. ఇరుసు గాడి అంచున సన్నగా లేచిన లోహాన్ని నూనెరాయితో సరిచేశాను. ఇరుసు పైపొర గట్టిపరచిన ఉక్కు, దాన్ని అంతకంటే తీయకూడదు. ప్రెస్సును ఈసారి తలకిందులుగా తొడగాలి. బోల్టు పిన్ను తలను నెడుతుంది, మర కొస బోలులోకి దిగుతుంది. బిగువు పెరిగి, పానా ఇక బరువుగా ఆగినప్పుడు ప్రెస్సు తీసి, నట్టును వాషరుతో కలిపి మామూలుగా బిగించాను. కొద్ది దూరం తొక్కి వచ్చి మళ్లీ ప్రెస్సు పెడితే పిన్ను ఇంకాస్త దిగింది, నట్టుకు ఆ మేరకు సందు వచ్చింది. దాన్ని సర్దాను. ఈ రెండో నొక్కు వదిలేయకూడదు. మొదటిసారి ఎంత బిగించినా, తొక్కే బలం తగిలాక రెండు చదునులూ ఒకదానికొకటి ఒదిగి కొద్దిపాటి సందు వదులుతాయి. సుత్తితో దించేవారు ఈ రెండో విడతను చేయరు, ఎందుకంటే మళ్లీ గొట్టం ఆనించి కొట్టాలంటే ఎవరికీ మనసు రాదు. ప్రెస్సు ఉంటే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు చప్పుడు లేదు, క్రాంకులు ఒకే గీతలో ఉన్నాయి, గోళీలు మెత్తగా తిరుగుతున్నాయి.

ఇంత శ్రమ దేనికి, చదరపు కొసల ఇరుసు, అల్యూమినియం క్రాంకులు వేసేస్తే పోతుంది కదా అని అడిగేవారు ఉంటారు. ఆ అమరిక మంచిదే. ఫ్రాన్సులో స్ట్రాంగ్‌లైట్ 1933లోనే అలాంటి క్రాంకులు తెచ్చింది. బరువు తగ్గుతుంది, పిన్నులతో పని ఉండదు. క్రాంకు రంధ్రం కోలగా అయిపోయినా, ఇరుసు గాడి పూర్తిగా నలిగి బదులు ఇరుసు దొరక్కపోయినా మారడమే మేలు. కానీ రాలీలో అది అనుకున్నంత తేలిక కాదు. ఇప్పటి బ్రిటిష్ కొలత బాటమ్ బ్రాకెట్ మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు. రాలీ తన సొంత కార్ఖానా సైకిళ్లలో అంగుళానికి 26 మరలు వేసేది. షెల్లు (ఫ్రేములో ఇరుసు కూర్చునే గొట్టం) వెడల్పు కూడా మామూలు 68 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ. కొత్త కార్ట్రిడ్జి (ఇరుసు, బేరింగులు ఒకే గొట్టంలో బిగించి వచ్చేది) చేతికి దూరినట్టే ఉంటుంది, రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే షెల్లు మరలే చీరుకుపోతాయి. పాత రాలీ కప్పులనే ఉంచి వాటికి సరిపోయే చదరపు కొసల ఇరుసు వేయవచ్చు, లేదా మరలతో పని లేకుండా షెల్లులో ఇరుక్కుని నిలిచే రకం కార్ట్రిడ్జి వాడవచ్చు. ఏది చేసినా చైను గీత మారుతుంది, వెనక పళ్ల చక్రానికి సూటిగా ఉందో లేదో చూసుకోవాలి. కుడి కప్పు విప్పాల్సి వస్తే దాని మర ఎడమ చేతివాటం, అంటే మామూలుకు వ్యతిరేక దిక్కులో విప్పుకుంటుందని గుర్తుంచుకోండి.

అల్యూమినియం క్రాంకులు ఉన్న పాత సైకిలైతే ఈ ప్రెస్సుతో పని లేదు, క్రాంకును ఇరుసు మీద నుంచి లాగే పుల్లరు కావాలి. అక్కడా కొలత చూడాలి. సాధారణ పుల్లరు మర 22 మిల్లీమీటర్లు. పాత టీఏ కంపెనీ క్రాంకులకు 23, పాత స్ట్రాంగ్‌లైట్‌లకు 23.35. 22 పుల్లరు స్ట్రాంగ్‌లైట్‌లో వదులుగా దూరి, కాస్త పట్టినట్టు అనిపిస్తుంది. బిగువు పెట్టగానే క్రాంకు మరలను ఊడబెరుకుతుంది. లోపల వాషరు మిగిలి ఉందేమో చూడటం, పుల్లరును చివరిదాకా చేత్తో తిప్పి దించడం, ఈ రెండూ చేసాకే పానా పట్టండి.

ప్రెస్సు ఎవరికి అవసరం? కాటర్ క్రాంకుల సైకిలు ఒక్కటే ఉండి, పిన్ను వదులైతే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లేవారు కొనకపోయినా ఫర్వాలేదు. ఆ మెకానిక్కు సుత్తి తీస్తాడో, ప్రెస్సు తీస్తాడో మాత్రం ముందే అడగండి. పాత సైకిళ్లను సొంతంగా విప్పి, కడిగి, మళ్లీ కూర్చేవారికి మాత్రం ఇది మొదటగా కొనాల్సిన పనిముట్టు. గోళీలకు గ్రీజు మార్చాలన్నా క్రాంకులు తీయాలి కదా. తీయడం భయమైతే గ్రీజు మార్చే పని వాయిదా పడుతూనే ఉంటుంది, ఎండిపోయిన గోళీలు కప్పులను తింటూనే ఉంటాయి. కొనేటప్పుడు భుజాల మందం అడిగి, మీ సైకిలులో పిన్నుకూ చైన్ వీల్‌కూ మధ్య ఉన్న చోటును కొలిచి చూసుకోండి. బోల్టు విడిగా దొరుకుతుందో లేదో కూడా కనుక్కోండి, ఈ పనిముట్టులో అరిగే భాగం అదొక్కటే. పిన్నులు మాత్రం ఒకేచోట, ఒకే రకానివి, రెండు జతలు తీసుకోండి. కుడికి వేరు, ఎడమకు వేరు అంటూ ఎవరైనా అమ్మబోతే వద్దనండి. రెండు పక్కలకూ పిన్ను ఒకటే, దూర్చే వైపే వేరు.